రాత్రిపూట మంచం దిగబోయి పెద్దవాళ్లు పడిపోకుండా ఇంట్లో ఏం చేయాలి, ఎలా చేయాలి

మా నాయిన మంచం దగ్గర పడింది రాత్రి రెండున్నరకు. పడ్డ చప్పుడు కంటే ముందు ఆయన మాట వినబడింది: "కరెంటొచ్చింది." దేవరకొండ పక్కన మా ఊళ్లో బోరు మోటర్లకు కరెంటు విడతలుగా వచ్చే రోజుల్లో ఆయన ఏళ్ల తరబడి ఆ వేళకు లేచి, టార్చిలైటు పట్టుకుని చేనుకాడికి పోయేవాడు. తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1 నుంచి మొదలైంది. ఆయన ఊరు విడిచి నల్లగొండలో మా ఇంటికి వచ్చేశాడు. ఆ మెలకువ మాత్రం ఆయన్ని విడవలేదు.

మేం ఆయనకు వేసింది మా పెళ్లినాటి డబుల్ కాట్. దాని మీద మందపాటి ఫోమ్ పరుపు. బాగా చూసుకుంటున్నామనే అనుకున్నాం. కానీ ఆయన డెబ్బై ఏళ్లు పడుకున్నది నులక మంచం మీద. నిద్రమత్తులో కిందికి దించిన కాలు ఆ పాత మంచం ఎత్తునే గుర్తుపెట్టుకుని నేల కోసం వెతికింది. నేల ఇంకో జానెడు కింద ఉంది. తుంటి ఎముక విరిగింది.

ఆ తర్వాత మేం చేసిన తప్పులూ, దిద్దుకున్న తీరూ ఇక్కడ రాస్తున్నాను. ఒక్క మాట ముందే చెప్పాలి. పెద్దవాళ్లు నిద్రలో దొర్లి పడటం కంటే, లేచి దిగబోయి పడటం ఎక్కువ. కాబట్టి మంచం చుట్టూ అడ్డం కట్టే ముందు, వాళ్లు ఎందుకు లేస్తున్నారో కనుక్కోవాలి. ఆ కారణం తీరిస్తే సగం పని అయిపోయినట్టే.

ముందుగా వారం రోజులు రాసి పెట్టండి

మంచం పక్కన ఒక నోటుపుస్తకం, పెన్ను పెట్టుకోండి. రాత్రి ఎన్ని గంటలకు లేచారు, ఎందుకు లేచారు, అంతకుముందు ఏం తిన్నారు, ఏ గోళీ వేసుకున్నారు, ఇంతే రాయండి. వారం తిరిగేసరికి ఒక లెక్క కనబడుతుంది. మా ఇంట్లో కనబడింది ఇది: పదకొండున్నరకు ఒంటేలుకు, రెండు రెండున్నర మధ్య "మోటరు"కు, నాలుగున్నరకు మళ్లీ ఒంటేలుకు.

ఒంటేలుకు లేవడమే అన్నిటికంటే మామూలు కారణం. పగలంతా నీళ్లు బాగా తాగించి, రాత్రి ఏడు దాటాక తగ్గించండి. మొత్తానికే తగ్గించొద్దు, మన ఎండలకు ఒంట్లో నీళ్లు తగ్గితే బీపీ పడిపోయి అదొక ప్రమాదం. నీరు పోయే గోళీ సాయంత్రం వేసుకుంటున్నారేమో చూడండి. దాన్ని పొద్దున వేసుకోవచ్చా అని డాక్టర్‌ను అడగండి, మీ అంతట మీరు మార్చొద్దు, మానేయొద్దు. ప్రోస్టేట్ గోళీలు, బీపీ గోళీలు, నిద్ర గోళీలు, ఈ మూడూ లేవగానే తూలేలా చేయగలవు. షుగర్ గోళీలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్లు తెల్లవారుజామున చెమటలు పట్టి, తికమకగా లేస్తుంటే అప్పటికప్పుడు షుగర్ చూడండి, తగ్గి ఉండవచ్చు. నిన్నటిదాకా బాగున్న మనిషి రెండు రోజుల్లోనే రాత్రిళ్లు అయోమయంగా మాట్లాడుతూ లేస్తుంటే వయసు మీద పడిందని వదిలేయకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, జ్వరం, కొత్తగా మొదలుపెట్టిన మందు, వీటిలో ఏదో ఒకటి కావచ్చు. దవాఖానకు తీసుకుపోవాల్సిన విషయమది.

మగవాళ్లకు మంచంలోనే వాడుకునే యూరిన్ పాట్ మెడికల్ షాపులో దొరుకుతుంది. ఆడవాళ్లకు మంచం పక్కనే కమోడ్ కుర్చీ వేస్తే మేలు. చక్రాలు లేనిదే కొనండి. చక్రాలున్నది ఇప్పటికే ఇంట్లో ఉంటే బ్రేకులు పనిచేస్తున్నాయో లేదో రోజూ చూడండి. మొదట్లో మా నాయిన "పండుకునే అర్రలో అదేంది" అని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఆయన సిగ్గు న్యాయమైనదే. మేం దాని మీద ఒక తువ్వాల కప్పి, పొద్దున్నే ఎవరి కంటా పడకముందే కడిగి పెట్టేవాళ్లం. మూడో రోజు నుంచి వాడాడు. ఇలాంటి చోట వాదించకుండా, వాళ్ల మర్యాద నిలిచేలా చేస్తే వాళ్లే ఒప్పుకుంటారు.

ఇక మోటరు సంగతి. "ఇప్పుడు మోటరేంది, పండుకో" అంటే ఆయన ఇంకా గట్టిగా లేచేవాడు. ఒకరోజు మా ఆవిడ పక్కన కూర్చుని, "మామా, మోటరు పెట్టొచ్చిండు మీ కొడుకు, నీళ్లు మడి దాకా పోయినయి" అంది. ఆయన "మడవ తిప్పిండా?" అని అడిగాడు. తిప్పాడని చెబితే మెత్త మీద తల వాల్చేశాడు. అబద్ధమే కావచ్చు, కానీ ఆయన అడిగింది కరెంటు గురించి కాదు, పంట ఎండిపోతుందన్న భయం గురించి. మతిమరుపు వచ్చిన పెద్దలు రాత్రిళ్లు లేస్తుంటే, వాళ్లు జీవితమంతా ఆ వేళకు ఏం చేసేవాళ్లో గుర్తు చేసుకోండి. బర్రె పాలు పిండే వేళ కావచ్చు, బొంబాయి బస్సు పట్టుకునే వేళ కావచ్చు. పాలమూరు నుంచి వలస పోయి వచ్చిన ఎంతోమందికి ఆ బస్సు ఇప్పటికీ కలలో వస్తుంది.

మంచం ఎత్తు ఎలా కొలవాలి

టైలర్ టేపు తీసుకోండి. పెద్దాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, పాదం నేలకు ఆనించి, నేల నుంచి మోకాలి వెనక మడత దాకా కొలవండి. మా నాయినకు 16 అంగుళాలు వచ్చింది. మా కాట్ పరుపుతో కలిపి 23 అంగుళాలు. ఆ 7 అంగుళాల తేడా దగ్గరే ఆయన తుంటి విరిగింది.

మంచం అంచున మనిషి కూర్చున్నప్పుడు, అంటే పరుపు దిగినంత దిగాక, ఆ ఎత్తు మోకాలి కొలతకు సమానంగా ఉండాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఒకటి, రెండు అంగుళాలు ఎక్కువుంటే లేవడం తేలిక. రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనడం మాత్రం తప్పనిసరి.

ఎత్తు ఎక్కువైతే మొదట పరుపు మార్చండి. మందపాటి ఫోమ్ తీసి గట్టి దూది పరుపు వేస్తే మా మంచం 4 అంగుళాలు తగ్గింది. ఫోమ్‌తో ఇంకో చిక్కు కూడా ఉంది, అంచున కూర్చోగానే అది కిందికి వంగి మనిషిని ముందుకు జార్చేస్తుంది. మిగిలిన 3 అంగుళాలు వడ్లాయనను పిలిపించి మంచం కోళ్లు, అంటే కాళ్లు, కింద కోయించాం. పెళ్లి మంచం కోయించడమేంటని చుట్టాలు అన్నారు. అననివ్వండి.

ఎత్తు తక్కువైతే కోళ్ల కింద ఇటుకలు పెట్టొద్దు. ఒక పక్క బరువు పడగానే కోడు ఇటుక మీద నుంచి జారుతుంది. కోడు కూర్చునేంత గుంత తొలిచిన చెక్క దిమ్మలు చేయించండి. మన ఇళ్లలో షాబాద్ బండలు ఎగుడుదిగుడుగా ఉంటాయి, నాలుగు కోళ్లూ ఆనాయో లేదో మూలల మీద చెయ్యేసి ఊపి చూడండి.

నులక మంచమే కావాలని పట్టుబడితే వేయండి, అలవాటైన మంచం మీద భయం తక్కువ. కానీ నడుమ గుంత పడ్డ నులక నుంచి లేవడం బలమున్నవాళ్లకే కష్టం. కాళ్లవైపు తాడు బిగించండి, నెలకోసారి మళ్లీ బిగించండి. గట్టిగా ఉండే పట్టె, అంటే మంచం పక్క కర్ర, తొడల కింద ఒత్తుకోకుండా బొంత మడిచి పట్టె మీదికి వచ్చేలా పరవండి.

"కింద పడుకోబెడితే పడే భయమే ఉండదు కదా" అని చాలామంది అంటారు. నేల మీద నుంచి లేవడం మంచం మీద నుంచి లేవడం కంటే ఎన్నో రెట్లు కష్టం. పైగా పల్లెల్లో కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది. ఊళ్లో మాత్రం నేల పడక వద్దనే నా మాట.

మంచం ఎటువైపు, దారి ఎలా

ఊళ్లో వాళ్లు ఏ వైపు దిగేవాళ్లో ఆ వైపే ఇక్కడా దిగేలా మంచం వేయండి. మా నాయిన కుడి వైపు దిగేవాడు. మా అర్రలో కుడి వైపు గోడ. తల ఏ దిక్కుకు పెట్టాలన్న పట్టింపు ఉంటే ఉండనీయండి, దిక్కు మార్చకుండానే మంచాన్ని ఈ గోడ నుంచి ఆ గోడకు జరపొచ్చు. పక్షవాతం వచ్చినవాళ్లకైతే బలమున్న వైపు నుంచి దిగేలా చూడండి.

గోడకు, మంచానికి మధ్య సందు ఉండకూడదు. ఉంటే మనిషి నడిచేంత ఉండాలి. జానెడు సందే ప్రమాదం, అందులోకి జారితే బయటికి రాలేరు.

మంచం నుంచి బాత్రూం దాకా రాత్రి లైట్లు తీసేసి మీరే ఒకసారి నడిచి చూడండి. కాలికి ఏం తగిలిందో అది తీసేయండి. కాళ్లు తుడుచుకునే గోనెపట్టా, చార్జర్ వైరు, కూలర్ వైరు. ఎండాకాలం కూలర్ నుంచి కారే నీళ్లు నున్నటి బండ మీద పడితే కనబడవు, పొద్దున చూసే తడి రాత్రే జార్చేస్తుంది. గడపకు పసుపు పూస్తాం కదా, దాని అంచున రంగు టేపు కూడా అతికిస్తే మసక చూపుకు అందుతుంది. లైటు మోకాళ్ల ఎత్తులో, చిన్నది, రాత్రంతా వెలిగేది ఉండాలి. కరెంటు పోయినా వెలిగే చార్జింగ్ బల్బు వేస్తే ఇంకా నిశ్చింత. కళ్లద్దాలు, నీళ్ల గ్లాసు, చేతికర్ర, పిలవడానికి బెల్లు, ఈ నాలుగూ పడుకుని చెయ్యి చాపితే అందాలి. మేం చిన్న వైర్‌లెస్ కాలింగ్ బెల్లు బటన్‌ను పట్టెకు కట్టాం. అది లేకపోతే స్టీలు గ్లాసు, చెంచా చాలు.

చీర కుచ్చిళ్లు, నైటీ, ధోవతి చీలమండకు నాలుగు వేళ్లు పైకి ఉండాలి. దోమతెర దిగే వైపు నేల మీదికి పారాడొద్దు, కాలికి చుట్టుకుంటుంది. మేమైతే కిటికీకి జాలీ కొట్టించి తెర తీసేశాం.

ఎండాకాలం దాబా మీద పడుకోవడం అలవాటున్న పెద్దలను ఈ వయసులో పైకి పోనీయకండి. వాకిట్లో వేస్తే, అక్కడా లైటు, బెల్లు, చదునైన నేల చూసుకోండి.

లేవడం నేర్పించండి

దీనికి పైసా ఖర్చు లేదు, అందుకే ఎవరూ చేయరు. పగలు, మెలకువగా ఉన్నప్పుడు, రోజూ రెండుసార్లు చొప్పున పది రోజులు అలవాటు చేయించండి.

1. వెల్లకిలా ఉన్నవాళ్లు రెండు మోకాళ్లూ మడవాలి. దిగే వైపుకు భుజం, నడుము, మోకాళ్లు ఒకేసారి తిప్పాలి, దుంగ దొర్లినట్టు.
2. పాదాలు మంచం అంచు దాటించి కిందికి వదలాలి. ఆ బరువుతోపాటే మోచేయి, అరచెయ్యి పరుపుకు ఒత్తి పైకి లేవాలి.
3. కూర్చున్నాక ఆగాలి. రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో పాదాలు పైకీ కిందికీ ఇరవైసార్లు ఆడించాలి.
4. పిర్రలు అంచుకు జరిపి, పాదాలు కాస్త వెనక్కి తెచ్చి, ముందుకు వంగి, చేతులతో పరుపును ఒత్తుతూ నిలబడాలి. వాకర్ పట్టుకుని లాక్కుని లేవొద్దు, అది మీదికి వస్తుంది.
5. నిలబడ్డాక పది అంకెలు లెక్కపెట్టి అప్పుడు అడుగేయాలి.

ఆ ఆగడం ఎందుకంటే, పడుకున్నవాళ్లు ఒక్కసారిగా నిలబడితే రక్తం కాళ్లలోకి దిగి తలకు అందదు, కళ్లు తిరుగుతాయి. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే అయిదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే ఆ అంకెలు రాసుకుని డాక్టర్‌కు చూపించండి.

మా నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు ఇళ్లకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్‌ను ఏళ్ల తరబడి తాగిన పెద్దలకు వెన్ను, మెడ, భుజాలు బిగుసుకుపోయాయి. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ వచ్చింది గానీ, 2015లో చౌటుప్పల్‌లో ఆ పథకం పైలాన్ (గుర్తు స్తంభం) వేసేనాటికే వాళ్ల ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ అలాగే ఉంది. వాళ్లు నడుము వంచి లేవలేరు, దుంగలా దొర్లి లేవాల్సిందే. వాళ్ల చేతులు పట్టి, చంకల కింద పట్టి గుంజకండి. ఆ ఎముకలు బరువుగా ఉన్నా పెళుసు. ఒక చెయ్యి భుజం వెనక, ఒక చెయ్యి మోకాళ్ల కింద వేసి, వాళ్లు లేచే వేగంతోనే తోడు లేపండి. వాళ్ల మంచం మామూలు కొలత కంటే ఇంకాస్త ఎత్తుంటేనే నయం.

రెయిలింగ్ కొనే ముందు

నాయిన పడ్డాక నేను చేసిన మొదటి పని సైడ్ రెయిలింగ్ కొనడం. పరుపు కింద దూర్చే రకం. నాలుగో రాత్రి ఆయన మోకాలు దాకా కాలు రెయిలింగ్‌కు, పరుపుకు మధ్య ఇరుక్కుంది. లాగుతున్న కొద్దీ పరుపు జరిగి సందు ఇంకా బిగిసింది. కాలు కాబట్టి తోలు లేచి సరిపోయింది, మెడ అయి ఉంటే ఇది రాసేవాణ్ని కాదు. అమెరికాలో ఇలాంటి రెయిలింగుల్లో ఇరుక్కుని 2003 నుంచి 2021 దాకా 280 మందికి పైగా చనిపోయారని అక్కడి వినియోగదారుల భద్రతా సంస్థ లెక్కగట్టి, 2023లో నిబంధనలు కఠినం చేసింది. మతిమరుపు ఉన్నవాళ్లు, నిద్రలో కదలాడేవాళ్లు, బక్కచిక్కినవాళ్లు ఎక్కువగా ఇరుక్కుంటారు. ఇంకొందరు రెయిలింగ్ ఎక్కి దాటబోతారు, అప్పుడు పడేది ఇంకా పైనుంచి.

అయినా అవసరమే అనుకుంటే, ఇంట్లో పాత సీడీ ఒకటి వెతకండి. దాని అడ్డం కొలత 12 సెంటీమీటర్లు. ఆస్పత్రి మంచాలకు అమెరికాలో పెట్టుకున్న హద్దు కూడా అదే, తల దూరే సందు అంతకంటే తక్కువ ఉండాలి. కమ్మీల మధ్య గానీ, రెయిలింగ్ కింద గానీ, పరుపును చేత్తో గట్టిగా అదిమినప్పుడు పక్కన గానీ సీడీ దూరితే ఆ రెయిలింగ్ వద్దు. బెల్టుతో మంచం చట్రానికి కట్టని రెయిలింగ్ అసలే వద్దు. మంచం పొడవునా ఉండేదాని కంటే, తలవైపు చెయ్యి పట్టుకోవడానికి ఉండే చిన్న పిడి మేలు. పరుపు మీద గాలి పరుపు వేశాక ఎత్తు పెరిగి రెయిలింగ్ పొట్టిదవుతుంది, మళ్లీ కొలవండి.

కుర్చీలు అడ్డం పెట్టడం, తువ్వాలతో చేతులు కట్టేయడం, నిద్ర గోళీ ఇంకొకటి వేయడం, ఈ మూడూ చేయకండి. అలసిపోయి ఉన్న ఇంటివాళ్లే అలా చేస్తారని నాకు తెలుసు, నేనూ ఆ రాత్రులు చూశాను. అయినా వద్దు.

మంచంలో బీడీ, చుట్ట వద్దు. చలికాలం తలుపులు మూసిన అర్రలో బొగ్గుల కుంపటి వద్దు, ఆ పొగలో వాసన లేని విషవాయువు ఉంటుంది. దోమల చక్రం వేలాడే దుప్పటికి దూరంగా పెట్టండి.

పూర్తిగా మంచంలోనే ఉన్నవాళ్లకు

రెండు గంటలకోసారి పక్క మార్చండి. ఇవతలికి, వెల్లకిలా, అవతలికి. వీపు వెనక మెత్త పెట్టి కొద్దిగా వాలుగా ఉంచితే చాలు. పిక్కల కింద మెత్త పెట్టి మడమలు గాలిలో ఉండేలా చూడండి. రోజూ స్నానం చేయించేటప్పుడు త్రికాస్థి (నడుము కింద, పిర్రల పైన ఉండే ఎముక), తుంటి, మడమ చూడండి. మన నల్లటి ఒంటి మీద ఎరుపు కనబడదు. చుట్టూ కంటే నల్లగా, వెచ్చగా, గట్టిగా తగిలితే అదే పుండుకు మొదలు. అక్కడ రుద్దొద్దు, నూనె మర్దన వద్దు, గాలి ట్యూబు రింగు కింద పెట్టొద్దు. పైకి జరపాలంటే చంకలు పట్టి ఈడవకుండా, నడుము కింద మడిచిన చెద్దరు వేసి ఇద్దరు చెరోవైపు పట్టి ఎత్తి జరపండి. అన్నం పెట్టేటప్పుడు కూర్చోబెట్టి, తిన్నాక అరగంట అలాగే ఉంచండి.

60 దాటిన పేద పెద్దలకు వాకర్లు, చేతికర్రలు, వీల్‌చైర్లు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017లో మొదలైంది. కలెక్టరేట్‌లో వయోవృద్ధుల సంక్షేమం చూసే శాఖలో క్యాంపు ఎప్పుడో అడగండి. పెద్దల హెల్ప్‌లైన్ నంబరు 14567.

ఒకవేళ పడితే

వెంటనే లేపకండి. అది మనసుకు చాలా కష్టం, అయినా ఒక్క నిమిషం ఆగండి. పక్కన కూర్చుని మాట్లాడించండి. ఒక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి విరిగినట్టే. కదపకుండా, దుప్పటి కప్పి 108కి ఫోన్ చేయండి. నాటు కట్టు, నూనె మర్దన అంటూ రోజులు గడపొద్దు, తుంటికి ఆపరేషన్ ఎంత తొందరగా అయితే అంత తొందరగా నడుస్తారు. రక్తం పల్చబడే గోళీలు వేసుకునేవాళ్ల తలకు దెబ్బ తగిలితే, మనిషి బాగానే మాట్లాడుతున్నా దవాఖానకు తీసుకుపోవాల్సిందే. ఏ దెబ్బా లేకపోతే పక్కకు తిప్పి, మోకాళ్ల మీదికి తెచ్చి, కుర్చీ ముందు పెట్టి, దాని మీద చేతులు ఆనించి మెల్లగా లేవనీయండి.

పిల్లలు హైదరాబాద్‌లో, అమ్మానాయినలు ఊళ్లో ఉన్న ఇళ్లలో ఇంకో పని చేయాలి. ఒంటరిగా ఉన్న పెద్దలు రాత్రి లోపల గొళ్లెం పెట్టుకుంటారు. పడిపోతే పక్కింటివాళ్లు తలుపు బద్దలు కొడితే తప్ప లోపలికి రాలేరు. ఈసారి పండక్కి వెళ్లినప్పుడు గొళ్లెం బదులు బయటి నుంచి కూడా తాళంచెవితో తెరుచుకునే తాళం వేయించండి. ఒక చెవి పక్కింట్లో ఇవ్వండి. పొద్దున ఏడింటికి వాకిలి ఊడవకపోతే, ముగ్గు పడకపోతే తలుపు తీసి చూడమని చెప్పి రండి.